తొడిమ కాడి పచ్చ

కాటేదాన్ కోల్డ్ స్టోరేజీల పదకొండేండ్లు
చలి కింద కూలి చేసినోణ్ణి.
బయట మే నెల మండుతుంటే
స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏసుకొని
నోట్లెకెంచి పొగలొస్తుంటే మాట్లాడినోణ్ణి.
పండ్లు ఎట్ల నిద్రపోతయో నాకెరుక.
కొన్ని లేస్తయి.
కొన్ని లేచినట్టు కనబడతయి, గంతే.

మొన్న బాటసింగారంల సిమ్లా దిక్కు లోడు దిగింది.
ఒక అట్టపెట్టె అడుగు చీలితే
తొమ్మిది కాయలు నా తువ్వాల్ల కట్టిచ్చిండు హమాలీ మేస్త్రీ.
పేరడిగితే ఆడూ అన్నడు.
తెలుగుల ఏమంటరంటే
"తిన్నంక నువ్వే పెట్టు" అన్నడు.

బోరబండల మాది ఒక్క రూము.
ఆండాలు ఒకటి తీసి చెంపకు రాసుకొని
"నూగు మీసమొచ్చిన పోరని లెక్కుంది" అని నవ్వి
తిన్నగ పోయి ఫ్రిజ్జు తలుపు తీసింది.

ఆ ఫ్రిజ్జు వచ్చి పందొమ్మిది రోజులు.
పద్దెనిమిది కిస్తుల్ల ఒక్కటి కట్టినం.
లోపల మూడు నీళ్ల సీసలు, సగం నిమ్మకాయ,
దోశపిండి గిన్నె.
తలుపు తీసినప్పుడల్లా అంత వెలుగు
అంత ఖాళీ మీద పడుతుంటే
ఆమెకు మనసొప్పుతలేదు.

"వద్దు" అన్న.
"చలికి కాయ పండది. పండుడే మర్చిపోతది.
పైన ఎర్రగనే ఉంటది,
లోపల రసం బదులు దూది."
"మరి ఇరుగుపొరుగు తీసి చూస్తే
ఏమున్నదని చూపియ్యాలె?"
దానికి
పదకొండేండ్ల చలిల నాకు జవాబు దొరకలే.

కింది ఇంటి బడీబీ ఇచ్చిన ఉర్దూ పేపరు
సజ్జ మీద పరిచిన.
తొడిమ దిక్కు కిందికి పెట్టి
ఒకదానికొకటి తగలకుండ పేర్చిన.
బొటనవేలితో నొక్కద్దన్న,
నొక్కిన కాడ తెల్లారేసరికి గాయమైతది.
అరచేతిల ఊకె పట్టుకుంటే అదే చెప్తది.
ఎరుపును నమ్మద్దు, అది ఎండ చేసిన సంతకం.
తొడిమ కాడి పచ్చ ఎప్పుడు పసుపైతదో
గది చూడాలె.
"బడి పెట్టినవా?" అన్నది.
గిన్నెలు తోమే చప్పుడు పెరిగింది.

రెండోనాడు లెక్కబెడితే ఎనిమిది.
నేనడగలే. ఆమె చెప్పలే.
ఫ్రిజ్జుల కొత్తిమీర కట్ట ఎనక
ఎర్రటి వీపొకటి కనబడ్డది.
తలుపు మెల్లగ దగ్గరికేసిన,
లోపల ఎవరో పండుకున్నట్టు.

నాలుగోనాడు
కరివేపాకు డబ్బా మట్టిల ఒక గింజ.
తిన్నది.
దూదిని దూదిలెక్కనే మొత్తం తిన్నది,
ఒక్క మాటనకుండ.
నేను గెలిచిన ముఖం పెట్టలే.
పెట్టినా ఆమె చూడకపోవు.

ఐదోనాటి రాత్రి వాన.
గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది.
ఫ్రిజ్జు గురక ఆగింది,
మా ఇంటికి వచ్చినకాడి నుంచి మొదటిసారి.
అప్పుడొచ్చింది వాసన.
మామిడిది కాదు, జామది కాదు.
ఎవరో కొత్త మనిషి
తడి తలతోని లోపలికొచ్చి
చీకట్ల నిలబడ్డట్టు.
"ఏదది?" అన్నది ఆండాలు.

అగ్గిపెట్టె దొరకలే. ఫోన్ల చార్జింగు లేదు.
స్టూలెక్కి
ఒక్కొక్కటే అరచేతిలకు తీసుకున్నది,
నొక్కకుండ.
ముక్కు కాడికి తెచ్చి మళ్ల పెట్టింది.
మూడోదాని కాడ ఆగి
"ఇది" అన్నది.

మోరీ మీద వంగి తిన్నం.
ఆమె కొరికిచ్చింది, నేను కొరికిచ్చిన.
నూగు పెదవికి గరుకు,
రసం మోచేతుల దాక.
గింజ చుట్టూ ఉన్నది ఆమె చీకి
"పండినంక పెట్టచ్చా ఫ్రిజ్జుల?" అని అడిగింది.
"పెట్టచ్చు. రెండు మూడు రోజులు ఆగుతయి."
చీకట్ల నవ్విందో లేదో తెల్వదు.

పొద్దున రెండింటి పచ్చ పసుపైంది.
తీసి నడిమి అరల పెట్టింది,
తలుపు తీయంగనే కండ్ల పడేటట్టు.
పక్కింటి యశోదను సల్లనీళ్లకు పిలిచింది.
"గివేం పండ్లు?" అన్నది యశోద.
ఆండాలు నా దిక్కు చూసింది.

పేరింక పెట్టలే.
సజ్జ మీద ఇంకో ఐదున్నయి.